క్షీర గ్రంథి మూలకణాలు: ఎంజైమ్ ట్యూబు నుంచి ఫ్యాట్ ప్యాడ్ దాకా

తార్నాక నుంచి గచ్చిబౌలి దాకా హైదరాబాద్‌లో కణాల మీద పనిచేసే ల్యాబులకు కొదవ లేదు. కణాలను మెరుపును బట్టి వేరుచేసే సార్టర్ యంత్రాలున్నాయి, ఎలుకల కాలనీలున్నాయి, పట్టుదల ఉన్న పీహెచ్‌డీ విద్యార్థులున్నారు. అయినా క్షీర గ్రంథి మూలకణాల పని చేపట్టినవాళ్లు తరచు ఒకచోటే చిక్కుకుంటారు. సార్టర్ తెర మీద విడిగా ఒక చుక్కల గుంపు కనిపిస్తుంది. దాని చుట్టూ గేటు (ఏ కణాలను తీసుకోవాలో చెప్పే హద్దు) గీసి, పడిన ట్యూబు మీద 'స్టెమ్ సెల్స్' అని రాసేస్తారు. నిజానికి ఆ ట్యూబులో ఉన్నవి బేసల్ కణాలు, అంటే పాలనాళాల బయటి పొర కణాలు. వాటిలో సుమారు అరవైకి ఒకటి మాత్రమే ఖాళీ ఫ్యాట్ ప్యాడ్‌లో (నాళాలు తీసేసిన కొవ్వు మెత్తలో) కొత్త గ్రంథిని మొలిపించగలదు. ఆ ఒక్కదాన్ని విడిగా చూపించే మార్కర్ (కణం మీది గుర్తు ప్రోటీన్) ఏదీ అందరూ ఒప్పుకునేంతగా నిలబడలేదు. కాబట్టి ఏ కణం మూలకణమో చెప్పేది చివరికి పరీక్షే. ఆ పరీక్షకు కణాలు బతికి చేరాలంటే ముందున్న ప్రతి మెట్టూ సరిగ్గా ఉండాలి.

ఈ రంగం నిలబడింది ఒక శస్త్రచికిత్స మీద. 1959లో డియోమ్, ఆయన సహచరులు మూడు వారాల ఆడ చిట్టెలుకలో సొంత ఎపిథీలియాన్ని (నాళాల కణజాలాన్ని) తీసేసి, మిగిలిన కొవ్వు మెత్తలో వేరే ఎలుక కణజాలాన్ని నాటి గ్రంథిని పెంచవచ్చని చూపారు. 1998లో కోర్డన్, స్మిత్ ఒకే కణం సంతతితో మొత్తం గ్రంథి ఏర్పడుతుందని వైరల్ గుర్తుల సాయంతో చెప్పారు. 2006లో మెల్‌బోర్న్ బృందం సీడీ29, సీడీ24 మార్కర్లతో, వాంకూవర్ బృందం సీడీ49ఎఫ్, సీడీ24 మార్కర్లతో విడదీసిన కణాలను నాటి, ఒక్క కణం నుంచే పాలిచ్చే గ్రంథి వస్తుందని నిరూపించాయి. నేడు అందరూ వాడే పద్ధతులు ఆ రెంటి పిల్లలే.

కాగితాల పని ముందే మొదలుపెట్టాలి. ఎలుకల మీద ఏ పనికైనా ఫారం-బి నింపి, సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకోవాలి. మనిషి కణజాలమైతే నైతిక కమిటీతో పాటు, 2017 జాతీయ మార్గదర్శకాలు చెప్పిన స్టెమ్ సెల్ కమిటీ దగ్గరికీ వెళ్లాలి. కెటమిన్ అనే మత్తుమందు మన దగ్గర గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. దాని లైసెన్సు, రిజిస్టరు సంగతి సర్జరీ తేదీ పెట్టుకున్నాక గుర్తొస్తే లాభం లేదు. పీల్చే మత్తుమందు ఐసోఫ్లూరేన్ యంత్రం ఉంటే దానికే నా ఓటు. చిన్న ఎలుక త్వరగా తేరుకుంటుంది కూడా.

ఇక ఎలుకల ఎంపిక. కణాలిచ్చే ఎలుకలు 8 నుంచి 12 వారాల కన్య ఆడవి కావాలి. వయసుతో పాటు ఋతు చక్రం దశ కూడా చూడాలి. ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉండే డైఈస్ట్రస్ దశలో, గర్భంలో బేసల్ గుంపు, దాంతో పాటు గ్రంథిని మొలిపించగల కణాల సంఖ్య పెరుగుతాయని 2010లో రెండు బృందాలు విడివిడిగా చూపాయి. ఒకరోజు ఎస్ట్రస్‌లో (ఎదలో) ఉన్న ఎలుకలనూ, మరోరోజు డైఈస్ట్రస్‌లో ఉన్నవాటినీ కోసి, తేడాను జన్యువుకు అంటగడితే ఆ ఫలితం నిలవదు. యోని నుంచి చిన్న స్మియర్ తీసి మైక్రోస్కోపు కింద చూడటానికి ఎలుకకు రెండు నిమిషాలు పడుతుంది. కుదరనప్పుడు, పోల్చాల్సిన రెండు జట్లలోనూ దశలు కలగలిసి ఉండేటట్టు చూసుకోవాలి.

చిట్టెలుకకు ఐదు జతల క్షీర గ్రంథులుంటాయి. పనికి ఎక్కువగా వాడేది పొత్తికడుపు దగ్గరి నాలుగో జత, కొందరు ఛాతీ దగ్గరి మూడో జతనూ కలుపుతారు. మూడోది ఛాతీ కండరానికి అంటుకుని ఉంటుంది. కండరం ముక్క వస్తే ట్యూబులో పీచు పెరిగి లెక్క తప్పుతుంది. నాలుగోదానిలో మూడు రక్తనాళాలు కలిసే చోట గుండ్రటి లింఫ్ నోడ్ ఉంటుంది. దాన్ని మొదట తీసేయాలి. ఉంచేస్తే సస్పెన్షన్ (కణాలు తేలే ద్రవం) నిండా తెల్లకణాలు వస్తాయి, వాటిలో కొన్ని సీడీ24తో మెరుస్తాయి. సార్టర్ సమయంలో సగం వాటిని పారబోయడానికే పోతుంది.

అసలు కష్టం ఎంజైముల దగ్గర మొదలవుతుంది. విఫలమైన ప్రయోగాల్లో చాలావాటికి కారణం యాంటీబాడీల్లో వెతుకుతారు, దొరికేది మాత్రం ఇక్కడే. గ్రంథి అంటే కొవ్వులో పాతుకుపోయిన నాళాల చెట్టు. కొవ్వును, పీచును, నాళాన్ని చుట్టి ఉండే పలుచని బేస్‌మెంట్ పొరను, చివరికి కణానికీ కణానికీ మధ్య ఉన్న అతుకును వరుసగా విప్పాలి. ఒక్కో పొరకు ఒక్కో ఎంజైమ్. వరుస తప్పకూడదు.

రెండు మూడు ఎలుకల గ్రంథులను పెట్రీ డిష్‌లో వంకర కత్తెరతోనో రెండు స్కాల్‌పెల్ బ్లేడ్లతోనో ముద్దగా తరగాలి. 5 శాతం సీరం కలిపిన డీఎంఈఎం/ఎఫ్12 మాధ్యమం 10 మిల్లీలీటర్లలో, మిల్లీలీటరుకు 300 యూనిట్ల కొలాజినేజ్, 100 యూనిట్ల హయలురోనిడేజ్ ఉండేలా కలిపి 37 డిగ్రీల వద్ద ఉంచాలి. నెమ్మదిగా ఊపుతూ ఉంచితే గంటన్నర నుంచి రెండు గంటలు, ఊపకుండా ఇంక్యుబేటర్‌లో వదిలేస్తే 6 నుంచి 8 గంటలు పడుతుంది. గడియారం కన్నా మైక్రోస్కోపును నమ్మండి. ఒక చుక్క తీసి చూస్తే కొవ్వు కణాలు విడిపోయి, ద్రాక్ష గుత్తుల్లాంటి ఎపిథీలియం ముక్కలు శుభ్రమైన అంచులతో తేలుతుండాలి. ముక్కల చుట్టూ పీచు ఇంకా వేలాడుతుంటే మరికొంత సేపు ఉంచాలి. కొలాజినేజ్ ముడి బ్యాక్టీరియా ఎంజైమ్ కాబట్టి ఒక లాటుకీ మరో లాటుకీ బలం మారుతుంది, అందులో కలిసి వచ్చే ఇతర ప్రోటియేజుల పాలూ మారుతుంది. కొత్త లాటు రాగానే ఒక ఎలుకతో పరీక్షించి, సరిపోతే ఏడాదికి సరిపడా అదే లాటు తెప్పించుకోవడం మేలు. కొలాజినేజ్‌కు కాల్షియం కావాలి. కడిగిన బఫర్‌లో కాల్షియాన్ని కట్టేసే ఈడీటీఏ మిగిలిపోతే ఎంత సేపుంచినా ముక్కలు కరగవు.

తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 450 జి వద్ద 5 నిమిషాలు తిప్పితే పైన కొవ్వు పొర, కింద ఎర్రటి పెల్లెట్ (కణాల ముద్ద) వస్తాయి. ఆ కొవ్వు పొరను తొందరపడి పారబోస్తే దానిలో చిక్కిన ఎపిథీలియం ముక్కలూ పోతాయి. పొరను వేరే ట్యూబులోకి తీసి, కొత్త మాధ్యమంలో బాగా పైకీ కిందికీ పీల్చి మరోసారి తిప్పండి. ఆ పెల్లెట్‌నూ కలిపేసుకోవచ్చు. ఎర్రకణాలను తీయడానికి 0.8 శాతం అమ్మోనియం క్లోరైడ్ నాలుగు వంతులు, చల్లటి బఫర్ ఒక వంతు కలిపి కాసేపు ఉంచి, మళ్లీ తిప్పాలి.

ఇప్పుడు ట్రిప్సిన్. ముందే 37 డిగ్రీలకు వెచ్చచేసిన 0.25 శాతం ట్రిప్సిన్-ఈడీటీఏ 2 మిల్లీలీటర్లు పోసి, 1 మి.లీ. పైపెట్‌తో ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆపకుండా పీల్చి వదలాలి. ఈడీటీఏ కాల్షియాన్ని లాక్కుంటే కణాలను కలిపే క్యాడ్‌హెరిన్ అతుకులు వదులవుతాయి, మిగిలిన పని ట్రిప్సిన్ చేస్తుంది. ఈ మూడు నిమిషాలు ఫోను కూడా ముట్టుకోకూడదు. కొద్దిసేపటికే ద్రవం సాగే తీగల్లా, జిగురుగా మారుతుంది. అది చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్‌ఏ. కొందరు కంగారుపడి ఇంకా ట్రిప్సిన్ పోస్తారు, దాంతో మరిన్ని కణాలు పగిలి జిగురు ఇంకా పెరుగుతుంది. చేయాల్సింది వేరు. 2 శాతం సీరం ఉన్న చల్లటి హ్యాంక్స్ ద్రావణం 10 మి.లీ. పోసి ట్రిప్సిన్‌ను ఆపి, తిప్పి, పైనున్న ద్రవాన్ని మొత్తం తీసేయాలి. మొత్తం అనడానికి కారణం ఉంది. తర్వాత వచ్చే డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏను కోసే ఎంజైమ్) పనిచేయడానికి మెగ్నీషియం, కాల్షియం కావాలి, మిగిలిన ఈడీటీఏ వాటిని కట్టిపడేస్తుంది. డీఎన్‌ఏజ్ పనిచేయలేదని ఫిర్యాదు వచ్చిన చోటల్లా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఆ పెల్లెట్ మీద మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల డిస్పేజ్ 2 మి.లీ., 1 మిల్లీగ్రాము బలం ఉన్న డీఎన్‌ఏజ్ 200 మైక్రోలీటర్లు వేసి ఒక నిమిషం పైపెట్ చేస్తే జిగురు విడిపోతుంది. డిస్పేజ్ నాలుగో రకం కొలాజెన్‌ను, ఫైబ్రోనెక్టిన్‌ను కోస్తుంది. విడవకపోతే డీఎన్‌ఏజ్ మరికొంచెం వేయండి, డిస్పేజ్ వద్దు. చల్లటి బఫర్‌తో పలుచన చేసి 40 మైక్రాన్ల జల్లెడలోంచి వడకట్టాక, చచ్చిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగుతో లెక్కపెట్టాలి. ఆ లెక్కలో చూడాల్సింది బతికినవెన్ని అనే కాదు, జంటలుగా అతుక్కున్నవెన్ని అని కూడా. జంటలు పదో వంతుకు మించి కనిపిస్తే సార్టర్ దగ్గరికి వెళ్లకుండా, డిస్పేజ్ మెట్టు మరోసారి చేయడం మంచిది.

జంటల మీద ఇంత పట్టింపు ఎందుకంటే, ఒక బేసల్ కణం, ఒక లూమినల్ (నాళం లోపలి పొర) కణం అతుక్కుని వెళ్తే సార్టర్‌కు అవి రెండు మార్కర్లూ ఎక్కువగా ఉన్న ఒక్క కణంలా కనిపిస్తాయి. అదే జంట కల్చర్‌లో రెండు రకాల సంతతినీ ఇస్తుంది. దాన్ని రెండు వంశాలకూ జన్మనిచ్చే కణమని ప్రకటిస్తే పొరపాటు పేపర్ దాకా వెళ్తుంది. ఎత్తు-వైశాల్యం, ఎత్తు-వెడల్పు ప్లాట్లు రెండింటిలోనూ గేటు గీయాలి, ఒక్కదానితో సరిపెట్టుకోకూడదు.

స్టెయినింగ్‌కు మిల్లీలీటరుకు కోటి కణాల చొప్పున తీసుకుని, యాంటీబాడీలు తప్పు చోట అంటకుండా ముందు సీడీ16/32 యాంటీబాడీతో ఎఫ్‌సీ బ్లాక్ 10 నిమిషాలు, తర్వాత యాంటీబాడీల మిశ్రమం మంచు మీద 20 నుంచి 30 నిమిషాలు. రక్త కణాలను, రక్తనాళ కణాలను పక్కన పెట్టడానికి సీడీ45, టెర్119, సీడీ31 మూడూ ఒకే రంగులో ఉండనివ్వండి. సీడీ24కు ఎం1/69 క్లోన్, సీడీ49ఎఫ్‌కు గోహెచ్3 క్లోన్ ఎక్కువమంది వాడతారు. సీడీ24 బదులు ఎప్‌క్యామ్ అనే ఎపిథీలియల్ మార్కర్ వాడితే, లూమినల్, బేసల్, స్ట్రోమా (చుట్టూ ఉండే ఆధార కణాల) గుంపులు మరింత స్పష్టంగా విడిపోతాయి. మొదటిసారి చేసేవాళ్లకు నేను అదే సూచిస్తాను. లూమినల్ కణాల్లో ఎప్‌క్యామ్ ఎక్కువ, సీడీ49ఎఫ్ తక్కువ. బేసల్‌లో సీడీ49ఎఫ్ ఎక్కువ, ఎప్‌క్యామ్ మధ్యస్థం. చచ్చిన కణాలను గుర్తించడానికి డాపి. ప్రతి రంగుకూ విడి కంట్రోలు, ఒక రంగు తీసేసి మిగతావన్నీ వేసిన ఎఫ్‌ఎంఓ కంట్రోలు తప్పనిసరి. గుంపుల మధ్య గీత గీసే చోటును నిర్ణయించేది ఎఫ్‌ఎంఓనే. గోహెచ్3 గాఢతను ఎక్కువ చేస్తే లూమినల్ గుంపు పైకి జరిగి బేసల్‌కు అతుక్కుంటుంది. కాబట్టి ప్రతి కొత్త సీసాకు టైట్రేషన్ (సరైన గాఢత వెతికే పరీక్ష) చేసుకోవాలి.

సార్టర్‌లో 100 మైక్రాన్ల నాజిల్, 20 పీఎస్‌ఐ ఒత్తిడి పెట్టమని ఆపరేటర్‌ను అడగండి. 70 మైక్రాన్లు, 70 పీఎస్‌ఐ లింఫోసైట్లకు సరిపోతాయి, ఎపిథీలియల్ కణాలు మాత్రం నలిగిపోతాయి. సేకరించే ట్యూబు గోడకు ముందు రోజే సీరం పట్టించి ఉంచితే కణాలు పొడి ప్లాస్టిక్‌కు అంటుకుని ఎండవు. సార్టర్ చూపించిన అంకె కంటే ట్యూబులో నిజంగా ఉండే కణాలు తక్కువ, తిరిగి లెక్కించకుండా డోసు నిర్ణయించకూడదు. కొన్ని వందల కణాలను మళ్లీ నడిపి శుద్ధత చూడాలి. ఇంకొన్నింటిని స్లైడు మీద వేసి బేసల్ గుర్తు కెరాటిన్ 14, లూమినల్ గుర్తు కెరాటిన్ 8 రంగులు పట్టించాలి. బేసల్ గుంపులో కెరాటిన్ 8 కణాలు కనిపిస్తే గేటును బిగించాలి. ఏప్రిల్, మే నెలల్లో సార్టర్ వేరే భవనంలో ఉంటే కణాలను మంచు పెట్టెలో, మూత బిగించి తీసుకెళ్లండి. ఎండలో పావుగంట నడక బతికిన కణాల శాతాన్ని కిందికి లాగుతుంది.

కణాలను విడదీసిన క్షణం నుంచీ అవి చావుకు దగ్గరవుతుంటాయి. ఆనుకోవడానికి పొర లేని ఎపిథీలియల్ కణం తనంతట తాను చనిపోతుంది. రాక్ అనే ఎంజైమ్‌ను అడ్డుకునే వై-27632 మందు 10 మైక్రోమోలార్ కలిపితే ఆ చావు తగ్గుతుంది. అయితే ఆ మందు కణాల గుణాన్నీ మారుస్తుంది. అందుకని వాడితే అన్ని నమూనాల్లోనూ వాడండి, లేదంటే దేనిలోనూ వద్దు.

డిష్‌లో చేసే పరీక్షల గురించి కొద్దిగా. రేడియేషన్ ఇచ్చిన ఎన్‌ఐహెచ్ 3టీ3 కణాల పరుపు మీద, 5 శాతం ఆక్సిజన్‌లో వారం రోజులు పెంచే కాలనీ పరీక్ష చాలా ఉపయోగకరం, కానీ అది కొలిచేది ఎక్కువగా లూమినల్ ప్రొజెనిటర్లనే, అంటే విభజన చెందినా మొత్తం గ్రంథిని ఇవ్వలేని కణాలనే. ఎలుకలో కాలనీలిచ్చే కణాల్లో ఎక్కువ భాగం లూమినల్ గుంపులోనే ఉంటాయి, నాటితే అవి గ్రంథిని ఇవ్వవు. కాలనీలు రెట్టింపయ్యాయంటే మూలకణాలు రెట్టింపయ్యాయని అర్థం కాదు. 2003లో మనిషి కణాలతో వచ్చిన మామ్మోస్ఫియర్ (తేలే కణాల బంతుల) పద్ధతిలో ముప్పు వేరు. అతుక్కోని పళ్లెంలో కణాలు తేలుతూ ఒకదాన్నొకటి అంటుకుని, అసలు పెరగకుండానే బంతులవుతాయి. రెండు రంగుల కణాలను సగం సగం కలిపి వేయండి. బంతుల్లో రెండు రంగులూ కలిసి కనిపిస్తే మీరు లెక్కపెడుతున్నది అతుకులను. మిల్లీలీటరుకు వెయ్యికి మించకుండా, వీలైతే గుంటకు ఒక్క కణం చొప్పున వేయాలి.

నాటడం దగ్గర మాత్రం తొందరపడటానికి వీల్లేదు. తీసుకునే ఎలుక అదే జాతిది, 21 రోజుల వయసుది కావాలి. అప్పటికి దాని సొంత నాళాలు చనుమొన నుంచి బయల్దేరి లింఫ్ నోడ్‌ను దాటి ఉండవు. 24 రోజులు దాటితే ఆ భరోసా పోతుంది. పొట్ట మీద తిరగేసిన వై ఆకారంలో చర్మం కోసి, చర్మానికి అంటుకుని ఉన్న నాలుగో గ్రంథిని బయటపెట్టాలి. చనుమొన వైపు రక్తనాళాన్ని, ఐదో గ్రంథితో కలిపే వంతెనను కాటరీతో మూసి, చనుమొన నుంచి లింఫ్ నోడ్ దాకా ఉన్న భాగాన్ని నోడ్‌తో సహా తీసేయాలి. ఐదో గ్రంథి వంతెనను మరిచిపోతే అక్కడి నుంచి నాళాలు పాకి వచ్చి ఫలితాన్ని కలుషితం చేస్తాయి.

తీసేసిన ఆ ముక్కను పారేయకండి. గ్లాసు స్లైడు మీద పరిచి, కార్మైన్ అనే ఎర్ర రంగు వేసి చూడండి. నాళాల చివర్లన్నీ ముక్క లోపలే ముగిసి, కోసిన అంచు శుభ్రంగా ఉంటే ఆ ఫ్యాట్ ప్యాడ్ నిజంగా ఖాళీ. అంచు దాకా నాళం వచ్చి తెగి ఉంటే ఆ గ్రంథిని లెక్కలోంచి తీసేయాలి. ఎవరి చేతికైనా ఇలాంటివి కొన్ని పడతాయి. ఏది పడిందో తెలియకుండా ఉండటమే ప్రమాదం.

కణాలను 25 శాతం మాట్రిజెల్ (బేస్‌మెంట్ పొర ప్రోటీన్ల జెల్), కొద్దిగా ట్రైపాన్ బ్లూ కలిపిన ద్రవంలో గ్రంథికి 10 మైక్రోలీటర్ల చొప్పున హ్యామిల్టన్ సిరంజితో ఎక్కించాలి. మాట్రిజెల్ 10 డిగ్రీలు దాటితే గట్టిపడటం మొదలవుతుంది, కాబట్టి సిరంజి, చివరలు, ట్యూబులు అన్నీ మంచు మీదే ఉండాలి. నీలం రంగు కొవ్వు లోపల చిన్న బుడగలా నిలిస్తే సరిగ్గా వెళ్లినట్టు, పైకి పాకితే కారినట్టు. 10 గ్రాముల పిల్ల ఎలుక ఏసీ గదిలో క్షణాల్లో చల్లబడిపోతుంది. వెచ్చని ప్యాడ్ మీద ఉంచి, లేచి తిరిగేదాకా కళ్లముందే ఉంచుకోండి, నొప్పికి మెలోక్సికామ్ ఇవ్వండి.

ఎనిమిది వారాల తర్వాత గ్రంథిని తీసి, ఇథనాల్ 6 పాళ్లు, క్లోరోఫాం 3, ఎసిటిక్ ఆమ్లం 1 కలిపిన కార్నాయ్ ద్రావణంలో ఉంచి, కార్మైన్ ఆలమ్ రంగు వేసి, ఆల్కహాల్ మెట్ల మీదుగా జైలీన్‌లోకి తీసుకెళ్లాలి. రంగు ద్రావణానికి 500 మి.లీ. నీటిలో 1 గ్రాము కార్మైన్, 2.5 గ్రాముల పటిక వేసి 20 నిమిషాలు మరిగించి వడకట్టుకోవాలి. నాటిన చోటు నుంచి అన్ని వైపులా కొమ్మలు విరిస్తే అది మీ కణాల సంతతి. చనుమొన వైపు నుంచి ఒకే దిశలో పాకి వచ్చిందంటే ఆ ఎలుక సొంతదే. ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్ ఉన్న దాత ఎలుకను వాడితే ఈ అనుమానం ఉండదు.

ఒక డోసుతో ఏమీ తేలదు. గ్రంథికి 1000, 200, 50, 10 కణాల చొప్పున, ఒక్కో డోసుకు కనీసం ఎనిమిది పది గ్రంథుల్లో నాటి, మొలిచినవెన్ని, మొలవనివెన్ని అని రాసుకోవాలి. పాయ్‌సాన్ లెక్క ప్రకారం 37 శాతం గ్రంథులు ఖాళీగా మిగిలిన డోసులో సగటున ఒక్క మూలకణం ఉన్నట్టు. 2009లో వచ్చిన ఎల్డా అనే ఉచిత సాధనంలో ఈ సంఖ్యలు వేస్తే హద్దులతో సహా అంచనా వస్తుంది. అన్ని డోసుల్లోనూ అన్నీ మొలిచినా, ఏదీ మొలవకపోయినా ఆ ప్రయోగం ఒక వైపు హద్దును తప్ప కచ్చితమైన సంఖ్యను ఇవ్వదు. రెండు జన్యురకాలను పోల్చేటప్పుడు ఒకే ఎలుకలో ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి నాటితే హార్మోన్ల తేడా రద్దవుతుంది. స్వయం పునరుత్పత్తి చూపించాలంటే, మొలిచిన గ్రంథి ముక్కను తీసి మరో ఖాళీ ఫ్యాట్ ప్యాడ్‌లో మళ్లీ నాటాలి.

ఇంత చేసినా తేలేది, ఆ కణం ఏం చేయగలదు అనేదే. గ్రంథిలో తన చోట ఉండగా అది రోజూ ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న. 2011లో బ్రస్సెల్స్ బృందం వంశాన్ని గుర్తుపట్టే పద్ధతితో (కణానికి చెరగని గుర్తు వేసి దాని సంతతిని వెంటాడుతూ) చూసి, పుట్టిన తర్వాత బేసల్, లూమినల్ వంశాల్లో చాలావరకు ఏ వంశపు కణాలు ఆ వంశాన్నే నిలుపుకుంటాయని చెప్పింది. 2014లో మెల్‌బోర్న్ వాళ్లు రెండు వంశాలనూ ఇచ్చే కణాలు పెద్ద గ్రంథిలోనూ ఉన్నాయన్నారు. తర్వాత వచ్చిన సూక్ష్మమైన పరిశీలనలు ఎక్కువగా మొదటి వాదం వైపే మొగ్గాయి. 2020లో ఆ బ్రస్సెల్స్ బృందమే ఈ రెంటినీ కలిపే ఒక కారణం చూపింది. లూమినల్ కణాలు టీఎన్‌ఎఫ్ సంకేతంతో బేసల్ కణాలను కట్టడి చేస్తుంటాయి. లూమినల్ కణాలను తొలగించగానే బేసల్ కణాలు లూమినల్ కణాలను కూడా ఇవ్వడం మొదలుపెడతాయి. అంటే మనం ట్రిప్సిన్ పోసి, సార్టర్‌లో లూమినల్ కణాలను పక్కకు తోసినప్పుడే బేసల్ కణం మీది కట్టడి సడలింది. విడదీయడం పరీక్షకు ముందు జరిగే పని అనుకుంటాం గానీ, అది పరీక్షలో భాగమే. అందుకే రాసేటప్పుడు 'ఈ గుంపులో ఇన్ని కణాలకొకటి గ్రంథిని మొలిపించింది' అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

వంశాన్ని గుర్తించే ప్రయోగాలు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. కణానికి గుర్తు వేసే క్రే ఎంజైమ్‌ను మేల్కొలపడానికి ఇచ్చే టామోక్సిఫెన్ ఈస్ట్రోజెన్ దారిలో అడ్డుపడుతుంది. డోసు ఎక్కువైతే నాళాల ఎదుగుదలే ఆగిపోతుంది. కొన్ని కణాలకే గుర్తు పడేంత తక్కువ డోసు వెతుక్కోవాలి, మందు ఇచ్చి క్రే లేని ఎలుకలను పక్కన పెట్టుకుని గ్రంథి ఎదుగుదల మామూలుగా ఉందో లేదో చూడాలి. కుదిరితే టామోక్సిఫెన్ బదులు డాక్సీసైక్లిన్‌తో గుర్తు పడే ఎలుకలు వాడటం మేలు.

మన ఊళ్లో బర్రె పొదుగు మీద పనిచేయాలనుకునేవాళ్లకు దారి కొంచెం వేరు. బర్రె పొదుగు పీచు ఎక్కువగా ఉండి మనిషి కణజాలానికి దగ్గరగా ఉంటుంది. ఎలుక గ్రంథికి సరిపోయిన సమయం దీనికి చాలదు, ఊపుతూ రాత్రంతా ఉంచాల్సి రావచ్చు. కబేళా నుంచి తెచ్చిన ముక్కను పైపొర తీసేసి, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ కలిపిన చల్లటి బఫర్‌లో చాలాసార్లు కడగాలి, లేకపోతే మూడో రోజుకు ఫ్లాస్క్ మబ్బుగా మారుతుంది. ఎలుక యాంటీబాడీలు బర్రె కణాలకు అంటుకుంటాయని ముందే అనుకోవద్దు. ముందు కణజాలపు కోత మీద వేసి, మైక్రోస్కోపులో సరైన పొరకే అంటుకుందని చూశాకే సార్టర్‌కు వాడాలి. మొత్తం కణజాలాన్ని ఒకేరోజు విడదీయనక్కర్లేదు. కొలాజినేజ్ తర్వాత వచ్చిన ముక్కలను, ట్రిప్సిన్ వేయకుండానే, గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్‌ఓ 10 శాతం ఉన్న సీరంలో నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి ద్రవ నైట్రోజన్‌లో దాచుకోవచ్చు. విడి కణాలుగా గడ్డకట్టించినవాటి కంటే ఇలా ముక్కలుగా దాచినవి కరిగించాక బాగా కోలుకుంటాయి.